మా యింటి బట్టలుతుకు యంత్రము

మా యింటికి బట్టలుతుకు యంత్రము వచ్చి మూడు సంవత్సరములు దాటినది. నాటినుండి విద్యార్థుల తల్లులు మమ్ము తఱచుగ అడుగు ప్రశ్న యొక్కటే: "నీళ్లు లేని పరిగిలో ఆ మిషను మీకెందుకు అయ్యవారూ?" ప్రశ్న న్యాయమైనదే. పెన్న, జయమంగళి యను రెండు నదులు మన గ్రామమునకు సమీపముననే కలియుచున్నను, ఏటిలో అధికభాగము అవి యిసుకదారులే. ఈ సీమలో ఏటికి కుఱియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు సకాలమున కుఱియునను నమ్మకము లేదు. చెఱువు నిండిన యేడు పండుగ. నిండని యేండ్లలో వేసవి రాగానే టాంకరుబండి చప్పుడునకు చెవియొగ్గి కూర్చుండుట మన యాడువారికి అలవాటు. ఇట్టి చోట నీటితో పనిచేయు యంత్రమును కొనుట వివేకమా, దుబారాయా? ఈ సందేహము మాకును కలిగినది. ఊహతో తేల్చునది కాదు గనుక బకెట్టు పట్టుకొని కొలిచితిమి. ఆ కొలతయు, దానివలన మేము నేర్చుకొన్న సంగతులును ఇచ్చట వ్రాయుచున్నాము.

యంత్రములలో రెండు తెగలు గలవు. పైన మూత గలది యొకటి, ముందు గాజుతలుపు గలది రెండవది. మొదటి దానిలో తొట్టి నిలువుగ నుండును. బట్టలు నీటిలో మునిగి తేలిన గాని అడుగుననున్న చక్రము వానిని త్రిప్పజాలదు. కావున తొట్టి నిండవలసినదే. అన్ని జాడింపులును గలిసి నూఱు లీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. రెండవదానిలో డ్రమ్ము అడ్డముగ పండుకొని, బండిచక్రమువలె తిరుగును. నీరు దాని యడుగుభాగమున కొంచెము నిలిచిన చాలును. డ్రమ్ము లోపలిగోడకు మూడు గట్లు అమర్చియుందురు. అవి తడిసిన బట్టను పైకెత్తి, శిఖరము చేరకమునుపే జాఱవిడుచును. బట్ట దబ్బున నీటిలో పడును. ఇట్లు ఎత్తుట, పడవేయుట, ఇదియే దాని యుతుకుడు. మేము కొన్నది ఈ రెండవ తెగ.

మా యింట అయిదుగురము. రెండు దినముల బట్టలు సుమారు అయిదు కిలోలు తూగును. వీనిని పెరటిలోని బండమీద ఉతికినప్పుడు నానబెట్టుటకు, సబ్బు వదలించుటకు, జాడించుటకు గలిసి 15 లీటర్ల బకెట్లు ఎనిమిది, అనగా 120 లీటర్లు వ్యయమైనవి. మా యిల్లాలు నీటి విషయమున మిక్కిలి పొదుపరి. మఱియొకరి చేత ఇంకను ఎక్కువయే కావచ్చును. యంత్రము బయటికి విడిచిన నీటినంతయు అదే బకెట్టుతో పట్టి చూడగా మూడు బకెట్లు నిండి నాలుగవది ముక్కాలు వచ్చినది. అనగా 56 లీటర్లు. ఒకసారి కొలిచినది పొరపాటు కావచ్చునని మఱి రెండు మారులు కొలిచితిమి. తేడా చెంబెడు నీళ్లకు మించలేదు.

మా వాడుక చాకలి అవ్వ ఒకనాడు ఆ గాజుతలుపు ముందు చతికిలబడి అరగంట చూచినది. చూచి, "బండకేసి కొట్టినట్లే కొడతాండాది గదా అయ్యవారూ! నీళ్లు మాత్రం యాడా కనపడల్యా" అన్నది. మేము తరగతిలో పటము గీచి చెప్పినను ఇంత చక్కగ చెప్పలేకపోయెడివారము.

భౌతికశాస్త్రము చదువు విద్యార్థులకు ఒక చిన్న లెక్క. మా డ్రమ్ము వ్యాసార్ధము 24 సెంటీమీటర్లు. ఉతుకునప్పుడు అది నిమిషమునకు సుమారు 50 చుట్లు తిరుగును. కోణీయవేగము యొక్క వర్గమును వ్యాసార్ధముతో గుణించిన కేంద్రాభిముఖ త్వరణము వచ్చునని మీరు చదివియున్నారు. గుణించి చూడుడు, సెకను వర్గమునకు 6.6 మీటర్లు వచ్చును. భూమ్యాకర్షణ త్వరణము 9.8. ఆకర్షణయే అధికము గాన బట్ట గోడను విడిచి క్రిందపడును. వేగము నిమిషమునకు 61 చుట్లు దాటెనా, శిఖరమున సైతము బట్ట గోడకు అంటుకొనియే యుండును. అప్పుడు తిరుగుటయే గాని యుతుకుట లేదు. కనుకనే యంత్రము మెల్లగ ఉతుకును. పిండునప్పుడు మాత్రము వేయి చుట్లు తిరుగును. అప్పటి త్వరణము భూమ్యాకర్షణకు దాదాపు 270 రెట్లు. బట్ట గోడకు అణగిపోవును, నీరు రంధ్రములగుండ వెడలిపోవును. అయిదు కిలోల పొడిబట్టలో ఇక మిగులు నీరు సుమారు మూడు కిలోలే. చేతితో పిండి తీగెపై వేసిన దుప్పటినుండి నీరు కాఱుటకు, యంత్రములోనిది చుక్కయైన రాల్చకుండుటకు కారణమిదియే. ఇంత వేగమున కదలకుండుటకై లోపల సిమెంటు దిమ్మెలను అమర్చుదురు. మా యంత్రమును లోనికి చేర్చుటకు నలుగురు మనుష్యులు కావలసి వచ్చినది.

ఈ ఊహ క్రొత్తది కాదు. జర్మనీ దేశమున రేగెన్స్‌బర్గు పట్టణమందు యాకోబు క్రిస్టియన్ షాఫర్ అను ప్రొటెస్టెంటు బోధకుడుండెను. పుట్టగొడుగులను గుఱించియు, పురుగులను గుఱించియు గ్రంథములు వ్రాసిన ఈ పండితుడే 1767వ సంవత్సరమున ఒక ఉతుకు యంత్రమును వర్ణించి ప్రచురించెను. దైవసేవకుడు మురికిబట్టల విషయమున తల దూర్చుట కొందఱికి వింతగ తోచవచ్చును, మాకు తోచలేదు. తిరుగు డ్రమ్ము గల యంత్రమునకు 1782లో హెన్రీ సిడ్జియర్ ఇంగ్లండులో పేటెంటు పొందెను. దానిని చేతిపిడితో త్రిప్పవలెను. తానే నీరు పట్టి, ఉతికి, పిండు ముందుతలుపు యంత్రమును అమెరికాలో బెండిక్స్ సంస్థవారు 1937లో గృహములకై చేసిరి. పిండునప్పుడు అది గంతులు వేయునని నేలకు బోల్టులతో బిగించవలసి వచ్చెడిది. నేటివానికి ఆ బిగింపు అక్కఱలేదు, సమమైన నేల యున్న చాలును. అయితే కర్మాగారమునుండి వచ్చునప్పుడు డ్రమ్ము కదలకుండ వెనుకవైపు బిగించిన బోల్టులను తీసిన పిమ్మటనే నడుపవలెను. వానిని తీయక నడిపినచో యంత్రము గదియంతయు నడచును, పాడగును.

ఇక మా బుద్ధిహీనత యొకటి చెప్పుకొనక తప్పదు. కొన్న తొలి వేసవి, మే మాసము. బోరు ఎండినది. టాంకరు నీరు వేయి లీటర్లు కొని మిద్దెమీది తొట్టికి ఎక్కించితిమి. యంత్రము విడుచు నీరు వృథాగ పోనేల, పెరటి కొబ్బరిచెట్టునకు పాఱింతమని, దాని గొట్టమును కాలువనుండి తీసి, నేలమీదుగ చెట్టు పాదులోనికి పఱచితిమి. యంత్రమును త్రిప్పి, మేము పరీక్షాపత్రములు దిద్దుకొనుచు కూర్చుంటిమి. గంట గడచినను నీరు పట్టు చప్పుడు మానలేదు. లేచి చూడగా పాదు నిండి పెరడంతయు చెఱువైయున్నది, మిద్దెమీది తొట్టి సగమైయున్నది. సైఫను పాఠమును ఏటేట బోధించు మేము మా యింటిలోని సైఫనును గుర్తింపలేకపోతిమి! గొట్టపు కొన యంత్రములోని నీటిమట్టమునకు దిగువన నుండుటచే, పట్టిన నీరు పట్టినట్లే వెలికి జాఱిపోయినది. మట్టము పెరుగలేదని యంత్రము మఱల మఱల పట్టినది. ఆనాడు వంటకు నీరు చాలునా యని మా యిల్లాలు అడిగిన ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేదు. ఆమె అంతకు మించి యేమియు అనలేదు. అదియే మిక్కిలి బాధించినది.

గొట్టపు కొన నేలనుండి కనీసము రెండడుగుల యెత్తున నుండవలెను. ఈ మాట యంత్రముతో వచ్చిన చిన్నపుస్తకములోనే యున్నది. చదివినవారము కాము. నీటి రాకకును ఎత్తు కావలెను. పది మీటర్ల నీటిమట్టము ఒక బారు ఒత్తిడికి సరి. అనేక యంత్రములు కనీసము 0.3 బారు, అనగా మూడు మీటర్ల మట్టము కోరును. మా తొట్టి మిద్దెపై నేలబారుగ నుండుటచే నీరు సన్నగ వచ్చి యంత్రము మధ్యలో ఆగిపోవుచుండెను. తొట్టిని నాలుగు రాతిదిమ్మెలపైకి ఎత్తించితిమి, ఆ చిక్కు తీఱినది. నీరు చొచ్చు చోట చిన్న జల్లెడ యుండును. బోరునీటి యిసుక అందు చేరును. నెలకొకమారు విప్పి కడుగవలెను.

మన ప్రాంతమున నీటి కొఱతకంటె నీటి గుణమే యంత్రమునకు పెద్ద శత్రువు. మన బోరునీరు కఠినజలము. అన్నపుగిన్నెల యడుగున తెల్లని పొర కట్టుట, సబ్బు రుద్దినను నురుగు రాక తెట్టు తేలుట మీరు ఎఱుగుదురు. నీటిలోని కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో గలిసి కఱగని పదార్థమగుటయే ఆ తెట్టు. త్రాగునీటికి భారతీయ ప్రమాణము చెప్పు కఠినత లీటరునకు 200 మిల్లీగ్రాములు. వేఱు నీరు దొరకని చోట 600 వఱకు అంగీకరింతురు. అట్టి నీటిని వేడిచేసినచో బైకార్బొనేటు విడిపోయి సున్నపుపొరగ మాఱి, యంత్రములోని వేడిచేయు కడ్డీపై పేరుకొనును. పొర మందమైన కొలది వేడి నీటికి అందదు, కడ్డీయే కాలిపోవును. మేము మామూలు బట్టలకు చన్నీటినే వాడుచున్నాము, మిక్కిలి మాసినవానికి 40 డిగ్రీలు. ఇందు విద్యుత్తు ఆదాయును గలదు. పదునైదు లీటర్ల నీటిని 25 నుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు 0.6 యూనిటు కావలెను; 40కి తెచ్చుటకు 0.26 చాలును. మూడు నెలలకొకమారు బట్టలు లేకుండ, అంగడిలో దొరకు నిమ్మ ఉప్పు నూఱు గ్రాములు డ్రమ్ములో వేసి 60 డిగ్రీలలో త్రిప్పుదుము. పొర కఱగి పోవును. నిమ్మ ఉప్పును తెలుపుచేయు క్లోరిను మందుతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును.

ఇచ్చట మన పెద్దల తెలివిని తలపక తప్పదు. చాకలివారు చవుటి మన్నును ఏఱి తెచ్చి, ఆ నీటిలో బట్టలు తడిపి, ఉబ్బ పెట్టుచుండెడివారు. ఆ మంటిలోని సోడియము కార్బొనేటు కాల్షియమును పట్టి క్రిందికి దింపి, కఠినజలమును మెత్తబఱచును. నేటి పొట్లములోని పొడియందును అదే పదార్థము గలదు. చాకలివాని సబ్బును మలాకీ ప్రవక్త సైతము ఉపమానముగ గ్రహించెను. పొట్లముపై బొమ్మ క్రొత్తది గాని లోని సరుకు పురాతనమైనది. అయితే పొడిని ఎన్నుకొనుటలో ఒక జాగ్రత్త గలదు. బకెట్టులో నురుగు పొంగించు చేయుతుకుడు పొడిని ఈ యంత్రమున వేయరాదు. నురుగు పఱుపువలె అడ్డుపడుటచే బట్ట పడినను దెబ్బ తగులదు, మురికి వదలదు. ఎక్కువ వేసిన ఎక్కువ తెలుపు వచ్చునని తలచి మేము మొదటి మాసమున రెండింతలు వేసి, నాలుగు మారులు జాడించవలసి వచ్చినది. పొదుపు చేసిన నీరంతయు అట్లు పోయినది. నురుగు తక్కువగు పొడియే దీనికి తగినది. కఠినజలమునకు చెప్పినదానికంటె ఒక చెంచా అధికము, అంతకు మించి కాదు.

ధర్మవరము పట్టుచీరలను మాత్రము ఇందు వేయకుడు. హిందూపురము పట్టుగూళ్ల సంతకు దాపున నివసించు మనకు ఒకరు చెప్పవలసిన మాట కాదు గాని, పెండ్లిచీరను వేసి కన్నీరు పెట్టుకొన్నవారిని ఎఱుగుదుము. పట్టు పురుగునుండి వచ్చినది, మాంసకృత్తు. నెత్తురు, పాలు మొదలగు మరకలను తినుటకై అనేకపు పొడులలో ఎంజైములను చేర్చుదురు. మరకలోని మాంసకృత్తును తిను ఎంజైము చీరలోని మాంసకృత్తును విడుచునా? ఉన్నికిని ఇదే గతి. పొడిలోని క్షారమును పట్టునకు హానియే. జరీ సంగతి చెప్పనక్కఱలేదు. కుంకుడురసమును, నీడయును పట్టునకు పాతవైద్యము. మేమును దానినే పాటింతుము.

జేబులు వెదకుట ఈ యంత్రముతో కాపురము చేయువారి మొదటి ధర్మము. క్రిందివైపు మూల చిన్నమూత వెనుక పంపుజల్లెడ యుండును. మాది విప్పినప్పుడెల్ల ఉపాధ్యాయుని జీవితచరిత్ర బయటపడుచున్నది: సుద్దముక్కలు, గుండుసూదులు, కాగితముల గుజ్జు. ఆ గుజ్జు ఒకమారు తొమ్మిదవ తరగతి మార్కుల చీటీ. మఱల ముప్పది యెనిమిది పత్రములను కూడవలసి వచ్చినది. తలుపు చుట్టునున్న రబ్బరు మడతలలో నీరు నిలిచి నల్లని బూజు పట్టును. పని ముగిసిన పిదప ఆ మడతను పొడిగుడ్డతో తుడిచి, తలుపు కొంచెము తెఱచి యుంచవలెను. కాని పసిపిల్లలున్న యింట ఇది ప్రమాదకరము. ఆ గుహలోనికి దూఱుట వారికి ఆట. అట్టి యింట రబ్బరును బాగుగ తుడిచి, తడి ఆఱినదాక ఒకరు దగ్గఱ నుండి, తలుపు మూయుట మేలు. మధ్యలో కరెంటు పోయిన తలుపు తెఱచుకొనదు. గుంజకుడు. మరల వచ్చిన పిమ్మట విడిచినచోటనుండి సాగును. ప్లగ్గునకు ఎర్తు తీగె తప్పక యుండవలెను. తడిచేతులతో పని గదా.

యంత్రము వచ్చినందున మా యిల్లాలికి దక్కినది వారమునకు ఆఱు గంటలు. మణికట్టు వాపు తగ్గినది. ఆ గంటలలో ఆమె ఏమి చేయుచున్నదని కొందఱు అడిగిరి. ఆదివార పాఠశాల పిల్లలకు పాటలు నేర్పుచున్నది, కొన్ని దినములు ఊరక కూర్చుండుచున్నది. రెండును మంచివే. బట్టలు వేయుట, తీయుట, ఆఱవేయుట మా కుమారుని వంతు. ఇది ఆడువారి యంత్రమని అతడు మొదట గొణిగెను. మీట నొక్కు వ్రేలికి ఆడు మగ భేదమేమో చూపుమని అడిగితిమి, చూపలేకపోయెను.

చాకలి అవ్వ సంగతి అంత సుళువుగ తీఱలేదు. ఒకప్పుడు ఆమెకు పన్నెండు వాడుక యిండ్లు, ఇప్పుడు నాలుగు. అందు మాది యొకటి. ఇస్త్రీ, గంజి, దుప్పట్లు, కంబళ్లు ఆమెకే యిచ్చి, మునుపటి కూలిని తగ్గింపక నడుపుచున్నాము. అయినను ఒక యింటి దయ ఒక వృత్తికి బదులు కాదు. ఆమె మనుమడు మన పాఠశాలలోనే ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. యంత్రములను బాగుచేయు పని నేర్తునని చెప్పుచు, మా పంపుజల్లెడను మాకంటె త్వరగ విప్పి బిగించును.

నీటిని గుఱించి మొదలుపెట్టితిమి గనుక అదియు ముగింతుము. కొబ్బరిచెట్టు ఆశను మేము వదలలేదు. నేలనుండి రెండడుగుల యెత్తున గోడకు నిలువుగొట్టము బిగించి, యంత్రపు గొట్టపు కొనను అందు వదులుగ దింపితిమి. నిలువుగొట్టపు అడుగున రెండు దారులు పెట్టితిమి. సబ్బునీరు వెడలునప్పుడు ఒకటి తెఱచి కాలువకు, కడపటి రెండు జాడింపుల నీరు వెడలునప్పుడు రెండవది తెఱచి ప్లాస్టిక్ పీపాకు పంపుదుము. మొదటి నీటిలోని సోడా మంటిని చవుడు చేయును, చెట్టునకు పనికిరాదు. పీపాలోనిది ఒక్కొక్కసారికి దాదాపు రెండు బకెట్లు; వాకిలి కడుగుటకు, పాయిఖానాకు పోయగా మిగిలినది చెట్టు పాదుకు. మొన్నటి వేసవిలో టాంకరును మే నెల మూడవ వారము వఱకు పిలువలేదు. చెట్టు ఇంకను కాపునకు రాలేదు.